ఐసీయూ అనుభవం ఉంది, పాథోఫిజియాలజీ - ఫార్మకాలజీ పేపర్లే భయం. ఎట్లా చదవాలి?

స్టాఫ్‌నర్స్_కర్నూలు:

అందరికీ నమస్కారం. కర్నూలులో ఐసీయూ స్టాఫ్ నర్సును, బీఎస్సీ నర్సింగ్. నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ (ఎన్పీసీసీ) చేయాలని ఉంది. సిలబస్ చూస్తే అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, అడ్వాన్స్‌డ్ ఫార్మకాలజీ దగ్గర ఆగిపోయాను. ఏ మందు ఎప్పుడు, ఎంత, ఏ లైన్‌లో అంటే కళ్లు మూసుకుని చెప్తాను. ఎందుకు అని అడిగితే మాత్రం నోరు పెగలదు. మూడు సంగతులు చెప్పండి. ఒకటి, ఎక్కడ మొదలుపెట్టాలి? రెండు, లెక్కలు ఏ మాత్రం రావాలి? మూడు, కోర్సు అయ్యాక మనమే మందులు రాయొచ్చా? ఇంకో మాట, ఆదోని దగ్గర ఎంఎల్‌హెచ్‌పీగా (ఊరి క్లినిక్ చూసుకునే మిడ్-లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) ఉన్న స్నేహితురాలు కూడా నాతో కలిసి చదువుతానంటోంది. ఆమెకి ఐసీయూ ఉపయోగపడదు కదా, ఏం చదవమనాలి?

పెన్నాతీరం_కడప:

ముందు కోర్సు సంగతి. ఎన్పీసీసీ ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన రెండేళ్ల రెసిడెన్సీ పీజీ. రిజిస్టర్ అయిన బీఎస్సీ నర్సు అయి, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉండాలి, అదీ క్రిటికల్ కేర్‌లో అయితే మేలు. మామూలు ఎమ్మెస్సీ లాగా క్లాసులో కూర్చునే చదువు కాదు, ఎక్కువ భాగం పేషెంటు మంచం పక్కనే. చేరేముందు కాలేజీకి ఆ కోర్సుకే కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోండి. ఎమ్మెస్సీకి ఉన్నంత మాత్రాన దీనికీ ఉన్నట్టు కాదు.

ఇక చదువు. ఆ రెండిటినీ రెండు సబ్జెక్టులుగా, ఒకటి అయ్యాక ఇంకొకటిగా చదివితే రెండూ నిలవవు. మీ ట్రాలీలో ఉన్న మందు ఒకటి తీసుకోండి. అది ఏ రిసెప్టర్ మీద, లేదా ఏ ఎంజైమ్ మీద పని చేస్తుంది? ఈ పేషెంటులో ఆ వ్యవస్థ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? పని చేసిందని ఏ గుర్తు చూసి చెప్తాం, ఎంతసేపటికి? ఎక్కువైతే ముందు ఏం కనబడుతుంది? వీటికి పుస్తకం చూడకుండా ఒక పేజీ రాయగలిగితే ఆ మందు వచ్చినట్టే. రెండో ప్రశ్నే పాథోఫిజియాలజీ. అనుభవం ఉన్నవాళ్లు తడబడేది అక్కడే.

మన జిల్లాల్లో కావలసినన్ని కేసులున్న ఉదాహరణ తీసుకుందాం: పురుగుల మందు, అంటే ఆర్గనోఫాస్ఫరస్. నరాల సందేశాన్ని మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విరగ్గొట్టే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ని అది పట్టేసుకుంటుంది. ఎసిటైల్‌కోలిన్ పోగుపడుతుంది. మస్కారినిక్ రిసెప్టర్ల దగ్గర పోగుపడితే చొంగ, ఊపిరితిత్తుల నిండా నీరులాంటి స్రావం, సూదిమొన అంత కంటిపాప, గుండె నెమ్మదించడం, విరేచనం. నికోటినిక్ రిసెప్టర్ల దగ్గర పోగుపడితే కండరాలు అదరడం, తర్వాత చచ్చుబడటం. అట్రోపిన్ అడ్డుకునేది మస్కారినిక్‌ని మాత్రమే. కాబట్టి ఎంత అట్రోపిన్ పోసినా కండరాల నీరసం తగ్గదు. తగ్గలేదని డోసు పెంచుకుంటూ పోవడం తెలియక చేసే పని.

మన ఆంపుల్ 1 మి.లీ.లో 0.6 మి.గ్రా. పెద్దవాళ్లకి మొదట 1.8 నుంచి 3 మి.గ్రా., అంటే 3 నుంచి 5 ఆంపుల్స్ ఐవీ. 5 నిమిషాలకి చూడాలి, మెరుగు లేకపోతే రెట్టింపు. 3, తర్వాత 6, తర్వాత 12 మి.గ్రా. పడితే మొత్తం 21 మి.గ్రా., అంటే 35 ఆంపుల్స్. చూడాల్సినవి ఐదు: ఛాతీలో గురగుర పోవాలి, గుండె 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిగా ఉండాలి, కంటిపాప సూదిమొనలా ఉండకూడదు. ఆ తర్వాత మొత్తం పడిన దాంట్లో గంటకి 10 నుంచి 20 శాతం ఇన్‌ఫ్యూజన్. ఇక్కడ 2.1 నుంచి 4.2 మి.గ్రా. ఆంపుల్స్‌ని ఏమీ కలపకుండా సిరంజిలోకి తీస్తే గంటకి 3.5 నుంచి 7 మి.లీ.

దెబ్బతినేది ఇక్కడ. ఛాతీ అంతటా ఉన్న గురగుర పోయి, కుడివైపు కింద మాత్రం మిగిలిందనుకోండి. అది కడుపులోది ఊపిరితిత్తిలోకి పోయినందువల్ల కావచ్చు. దానికి అట్రోపిన్ పనిచేయదు. పేషెంటు పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ మంచం దిగబోతుంటే, ఒళ్లు కాలుతుంటే, పేగుల చప్పుడు లేకపోతే, మూత్రం ఆగిపోతే అట్రోపిన్ ఎక్కువైంది. ఇన్‌ఫ్యూజన్ ఆపి, ఆ గుర్తులు తగ్గాక ముందు రేటులో 70 - 80 శాతంతో మళ్లీ మొదలుపెడతారు.

స్టాఫ్‌నర్స్_కర్నూలు:

మేడం, చాలా బాగా చెప్పారు. ఒక డౌటు. కొన్ని కేసులు వచ్చేటప్పుడే గుండె 120 ఉంటుంది. అప్పుడు అట్రోపిన్ ఇవ్వాలా వద్దా అని డ్యూటీలో ప్రతిసారీ చర్చే. పామ్ (ప్రాలిడాక్సిమ్) సంగతి కూడా చెప్పండి, ఒక్కో డాక్టరు ఒక్కోలా రాస్తారు.

పెన్నాతీరం_కడప:

గుండె 120 ఉన్నంత మాత్రాన అట్రోపిన్ ఆపరు. నికోటినిక్ రిసెప్టర్లు సింపథెటిక్ గాంగ్లియాలో (గుండెని వేగంగా కొట్టించే నరాల ముడుల్లో) కూడా ఉంటాయి. అవి రెచ్చిపోతే ఆర్గనోఫాస్ఫరస్ కేసులోనే గుండె వేగం పెరుగుతుంది. పైగా ఆక్సిజన్ తక్కువైనా, నీళ్లు తగ్గినా పెరుగుతుంది. ఛాతీ నిండా స్రావం ఉంటే ఊపిరి ఆడక పోయే ప్రాణం అది, గుండె వేగాన్ని చూసి వెనకాడకూడదు. ఆక్సిజన్, సక్షన్ అట్రోపిన్‌తో పాటే నడవాలి, ఒకదాని కోసం ఇంకొకటి ఆగకూడదు.

పామ్ గురించి వివాదం పుస్తకాల్లోనే ఉంది, డాక్టర్లది తప్పు కాదు. ఎంజైమ్‌కి అంటుకున్న విషాన్ని అది విడిపిస్తుంది, కానీ ఆ బంధం ముదిరిపోకముందే. దాన్నే ఏజింగ్ అంటారు. డైమిథైల్ రకాలకి (మోనోక్రోటోఫాస్, డైమిథోయేట్) ఏజింగ్ సగం కావడానికి దాదాపు 4 గంటలు, డైఇథైల్ రకాలకి (క్లోర్‌పైరిఫాస్, క్వినాల్‌ఫాస్) దాదాపు 33 గంటలు. అందుకే డబ్బా తెమ్మని ఇంటివాళ్లకి చెప్పడం చాదస్తం కాదు. బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరును కేస్‌షీట్‌లో ఎక్కించండి. డోసు సాధారణంగా కిలోకి 30 మి.గ్రా. అరగంటలో, తర్వాత గంటకి కిలోకి 8 మి.గ్రా. అంటే 50 కిలోలకి 1.5 గ్రాములు, ఆపైన గంటకి 400 మి.గ్రా. గబుక్కున తోస్తే బీపీ పెరుగుతుంది, గుండె ఆగే ప్రమాదమూ ఉంది. 2006లో బారామతిలో జరిగిన ట్రయల్‌లో ఎక్కువ డోసు మేలు చేసింది, 2009లో వచ్చిన శ్రీలంక ట్రయల్‌లో మేలు కనబడలేదు. పరీక్షలో రెండూ రాయండి.

నర్సు చేతిలో ఉన్నది ఇంకొకటి ఉంది. 24 నుంచి 96 గంటల మధ్య ఇంటర్మీడియెట్ సిండ్రోమ్ వస్తుంది. పేషెంటు మెలకువగా ఉంటాడు, చొంగ లేదు, ఛాతీ బాగుంది, అందరికీ ధీమా వచ్చి ఉంటుంది. అప్పుడు దిండు మీదినుంచి తల ఎత్తమనండి. ఎత్తలేకపోతే మెడ కండరాలు పడిపోతున్నట్టే, తర్వాతి వంతు ఊపిరిది. శాచురేషన్ పడేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ప్రతి షిఫ్టులోనూ ఈ తల ఎత్తించే పరీక్ష చేసి చార్టులో రాయాలి.

బురుజు_కింద:

లెక్కల ప్రశ్న నాకు వదిలేయండి. రావలసినవి మూడే: ఇన్‌ఫ్యూజన్ రేటు, కిడ్నీ క్లియరెన్స్ (కిడ్నీ రక్తాన్ని శుభ్రం చేసే వేగం), హాఫ్‌లైఫ్ (రక్తంలో మందు సగానికి తగ్గే సమయం).

ఇన్‌ఫ్యూజన్: గంటకి మి.లీ. = డోసు (మైక్రోగ్రాములు/కిలో/నిమిషం) × బరువు × 60 ÷ ఒక మి.లీ.లో ఉన్న మైక్రోగ్రాములు. బీపీ నిలబెట్టే నోరడ్రినలిన్ 4 మి.గ్రా.ని 50 మి.లీ. చేస్తే మి.లీ.కి 80 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 0.1 కావాలంటే 0.1 × 60 × 60 ÷ 80 = 4.5 మి.లీ. ఇంతవరకు అందరూ చేస్తారు. లేబుల్ చదవరు. మన దగ్గర దొరికే 2 మి.లీ. ఆంపుల్ మీద సాధారణంగా బైటార్ట్రేట్ 4 మి.గ్రా. అని ఉంటుంది, అందులో అసలు నోరడ్రినలిన్ బేస్ 2 మి.గ్రా. మాత్రమే. ఆ ఒక్క ఆంపుల్‌నే 4 మి.గ్రా. అనుకుని లెక్క కడితే మీరు 0.1 అనుకున్నది బేస్ ప్రకారం 0.05. ఒక ఐసీయూ నుంచి ఇంకో ఐసీయూకి పేషెంటు మారినప్పుడు 'అక్కడ 0.2లో బాగానే ఉన్నాడే' అనే గోలకి కారణం చాలాసార్లు ఇదే. మీ యూనిట్‌లో ఏది లెక్క పెడతారో సిరంజి స్టిక్కర్ మీదే రాసిపెట్టండి.

హాఫ్‌లైఫ్: నోరడ్రినలిన్‌ది 2 - 3 నిమిషాలు. అందుకే సిరంజి అయిపోయాక కొత్తది ఎక్కించే ఆ రెండు నిమిషాల్లో బీపీ పడిపోతుంది. రెండో పంపులో కొత్త సిరంజి ముందే సిద్ధంగా ఉండాలి, అది ఎక్కుతున్నట్టు బీపీలో కనబడ్డాక పాతది తీయాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకం గుండె లయకి ఇచ్చే అమియోడరోన్, దాని హాఫ్‌లైఫ్ వారాల్లో ఉంటుంది. లోడింగ్ డోసు ఎందుకు అనే ప్రశ్నకి జవాబు అదే: ఏ మందైనా ఒకే రేటులో ఇస్తూ ఉంటే రక్తంలో నిలకడకి రావడానికి 4 - 5 హాఫ్‌లైఫ్‌లు పడుతుంది. పేషెంటుకి అంత టైము లేనప్పుడు లోడింగ్ ఇస్తాం. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఫార్మకోకైనెటిక్స్ చాప్టర్ సగం అయినట్టు.

క్లియరెన్స్ (నిమిషానికి మి.లీ.): (140 - వయసు) × బరువు ÷ (72 × క్రియాటినిన్), ఆడవాళ్లకి దాన్ని 0.85తో గుణించాలి. 65 ఏళ్ల అవ్వ, 45 కిలోలు, క్రియాటినిన్ 1.8. రిపోర్టు చూసి 'కొంచెం ఎక్కువ' అంటారు. లెక్క కట్టండి: 75 × 45 = 3375, దాన్ని 129.6తో భాగిస్తే 26, 0.85తో గుణిస్తే 22. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనోక్సాపారిన్ రోజుకి రెండుసార్లు కాదు, ఒక్కసారే. కండ లేని ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే అంకె అమాయకంగా కనబడుతుంది. ఒక హెచ్చరిక: క్రియాటినిన్ రోజురోజుకీ మారుతున్న పేషెంటులో ఈ సూత్రం పనికిరాదు. మూత్రం ఆగిపోయి ఆరు గంటలైన మనిషికి క్రియాటినిన్ 1.2 ఉందని 60 క్లియరెన్స్ వేసుకుంటే మోసపోతాం.

సీమ_ఫార్మ్‌డీ (అనంతపురం):

పెన్నాతీరం మేడంతో ఒక్క విషయంలో ఒప్పుకోను. ట్రాలీ నుంచి మొదలుపెడితే ట్రాలీలో లేనిది ఎప్పటికీ రాదు. మొదటి నెల మందుల జోలికే పోకుండా మూడు చదవాలి: అటానమిక్ నాడీ వ్యవస్థ (మన ప్రమేయం లేకుండా గుండె, పేగుల్ని నడిపే నరాలు), కిడ్నీ నెఫ్రాన్ (వడపోసే గొట్టం), ఆసిడ్-బేస్. ఈ మూడూ వస్తే ఐసీయూలో వాడే మందుల్లో చాలా భాగం వాటంతటవే అర్థమవుతాయి. ఆ తర్వాత మేడం చెప్పిన పద్ధతి బంగారం.

మీ ఆదోని స్నేహితురాలి సంగతి. ఎంఎల్‌హెచ్‌పీలు ఇగ్నో ద్వారా చేసే సర్టిఫికెట్ కోర్సు ఆరు నెలలది, అందులో ఫార్మకాలజీ అంతంత మాత్రం. ఆమెకి షాక్, వెంటిలేటర్ అక్కర్లేదు. ఆమె క్లినిక్‌కి వచ్చేది బీపీ, షుగర్, మోకాటి నొప్పులు. ఆమె ఒంటబట్టించుకోవాల్సింది ఇది. వేసవి, పొలం పని. 62 ఏళ్ల పెద్దాయన టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన బీపీ మాత్ర వేసుకుంటాండాడు. మోకాటి నొప్పికి ఊర్లో వారంపాటు డైక్లోఫెనాక్ సూదులు వేయించుకున్నాడు. రెండు రోజులు విరేచనాలు. ఇప్పుడు నీరసం, మూత్రం తక్కువ.

కిడ్నీలో వడపోసే గుత్తికి రక్తం తెచ్చే నాళం ఒకటి, తీసుకుపోయే నాళం ఒకటి. నీళ్లు తగ్గినప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుతాయి, యాంజియోటెన్సిన్ 2 తీసుకుపోయే నాళాన్ని బిగిస్తుంది, దాంతో గుత్తిలో ఒత్తిడి నిలుస్తుంది. డైక్లోఫెనాక్ మొదటిదాన్ని ఆపింది, టెల్మిసార్టాన్ రెండోదాన్ని ఆపింది, థయాజైడ్, విరేచనాలు కలిసి నీళ్లు తోడేశాయి. ఇంక ఒత్తిడి ఎక్కడిది? మూడు మందులూ విడివిడిగా మంచివే, ఈ మూడూ ఆ ఎండలో కలవడమే ఆపద. పొటాషియం కూడా పెరిగి ఉండొచ్చు, ఈసీజీ తీయించాలి.

ఆమె చేయగలిగిన పని: బీపీ కార్డు మీదే 'వాంతులు, విరేచనాలు అయ్యే రోజుల్లో ఈ మాత్ర వేసుకునే ముందు అడగండి' అని రాయడం, పీహెచ్‌సీ డాక్టరుకి ఫోన్ చేసి ఆపాలా అని అడగడం. మెట్‌ఫార్మిన్‌కి కూడా ఇదే వర్తిస్తుంది. వచ్చిన ప్రతి పేషెంటునీ నొప్పుల సూదుల గురించి విడిగా అడగాలి. 'ఏం మందులు వాడుతున్నావు' అంటే ఎవరూ సూదిని మందుల్లో లెక్కవేయరు. టెల్మిసార్టాన్ లాంటివి కొత్తగా మొదలుపెట్టాక 1 - 2 వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. క్రియాటినిన్ 30 శాతంలోపు పెరిగితే గాభరాపడి ఆపేయక్కర్లేదు, మందు పని చేసే తీరే అది.

ఇద్దరికీ కలిపి ఒక మాట: మందు వల్ల తేడా చేసిందని అనుమానం వస్తే ఫార్మకోవిజిలెన్స్ ఫారం నింపండి. నర్సులు కూడా నింపొచ్చు, రుజువు అక్కర్లేదు, అనుమానం చాలు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. ఒక్క ఫారం సరిగ్గా నింపాలంటే మందు ఎప్పుడు మొదలైంది, తేడా ఎప్పుడు కనబడింది, ఆపితే తగ్గిందా, అప్పుడు ఇంకేం మందులు నడుస్తున్నాయి అన్నీ రాయాలి. అంతకంటే మంచి ఫార్మకాలజీ హోంవర్కు నాకు తెలియదు.

పెన్నాతీరం_కడప:

ఫార్మ్‌డీ గారూ, మొదటి నెల మాట ఒప్పుకుంటున్నాను, కానీ నైట్ డ్యూటీ దిగి నెఫ్రాన్ బొమ్మ ముందు కూర్చుంటే రెండో పేజీకే నిద్ర వస్తుంది. ఆ రోజు వార్డులో మూత్రం పోయించే ఫ్యూరోసెమైడ్ ఇచ్చి ఉంటే బొమ్మ నిలుస్తుంది. అంతే నా వాదన.

మూడో ప్రశ్న మిగిలిపోయింది. కోర్సు అయ్యాక సొంతంగా ప్రిస్క్రిప్షన్ రాసే అధికారం వస్తుందనుకుని చేరకండి. కౌన్సిల్ సిలబస్ ప్రకారం నర్స్ ప్రాక్టీషనర్ ఇంటెన్సివిస్టుతో (ఐసీయూ స్పెషలిస్టు డాక్టరుతో) కలిసి, ఆసుపత్రి రాసిపెట్టిన ప్రోటోకాల్ లోపల పని చేయాలి. అంటే నోరడ్రినలిన్ ఎంత నుంచి ఎంత వరకు మీరు పెంచొచ్చు, ఎక్కడ డాక్టరుని పిలవాలి అనేది సంతకాలతో కాగితం మీద ఉండాలి. ఆ కాగితం లేని చోట మీ డిగ్రీ ఏదైనా మీరు ఆర్డర్ అమలు చేసే నర్సే. ఇంటర్వ్యూలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది, జీతం రెండోది. 2021లో వచ్చిన కొత్త బీఎస్సీ సిలబస్‌లో ఫార్మకాలజీలో భాగంగా ప్రిస్క్రైబింగ్ మౌలికాంశాల మాడ్యూల్ పెట్టారు. మీరు పాత బ్యాచ్ అయితే ఆ మాడ్యూల్ తెప్పించుకుని ముందు అది చదవండి.

ఇంకొకటి, కొంచెం కటువుగా చెప్తున్నా. అనుభవం ఉన్నవాళ్లకి నేర్చుకోవడం కంటే వదులుకోవడం కష్టం. కిడ్నీని కాపాడుతుందని 'రీనల్ డోస్' డోపమిన్ పెట్టడం 2000లో వచ్చిన పెద్ద ట్రయల్‌తోనే తేలిపోయింది, ఏ లాభం లేదని. ఇంకా కొన్నిచోట్ల నడుస్తూనే ఉంది. బీపీ 200 ఉందని నాలుక కింద నిఫెడిపిన్ పిండటం అంతకన్నా ప్రమాదం: ఎంత పడుతుందో మన అదుపులో ఉండదు, ఎక్కువ బీపీకి అలవాటైన మెదడుకి రక్తం చాలక పక్షవాతం రావచ్చు. మీ వార్డులో అలవాటుగా సాగే పనులు ఒక పది రాసుకుని ఒక్కోదానికి 'ఎందుకు' వెతకండి. కొన్నిటికి జవాబు దొరకదు.

స్టాఫ్‌నర్స్_కర్నూలు:

అందరికీ ధన్యవాదాలు. ఆ పదిలో మొదటిది ఇక్కడే అడిగేస్తాను. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనిటాయిన్ సెలైన్‌లోనే కలపాలని సీనియర్లు చెప్పారు, చేస్తున్నాం. ఎందుకు? నెమ్మదిగా ఎందుకు ఇవ్వాలి?

బురుజు_కింద:

ఫెనిటాయిన్ నీళ్లలో సరిగా కరగదు. కరిగించడానికి ఆంపుల్‌లో ప్రొపిలీన్ గ్లైకాల్ పోసి, పీహెచ్ 12 దగ్గర ఉంచుతారు. డెక్స్‌ట్రోస్ ఆమ్లగుణం ఉన్నది, అందులో పడగానే పీహెచ్ దిగి మందు తెల్లటి పలుకులుగా విడిపోతుంది. సెలైన్‌లో కూడా ఎప్పటికప్పుడు కలిపి వెంటనే ఎక్కించాలి, లైన్‌లో ఫిల్టర్ ఉంటే మంచిది. ఇచ్చే ముందు, తర్వాత సెలైన్‌తో లైన్ కడగాలి.

వేగం: నిమిషానికి 50 మి.గ్రా. మించకూడదు, ముసలివాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా నెమ్మదిగా. కిలోకి 20 మి.గ్రా. చొప్పున 60 కిలోలకి 1200 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. ఆంపుల్స్ 12, కనీసం 24 నిమిషాలు. తొందరపడితే బీపీ పడుతుంది, గుండె లయ తప్పుతుంది. దానికి ఫెనిటాయిన్ ఒక్కటే కాదు, ఆ గ్లైకాల్ కూడా కారణం. మానిటర్ పెట్టి, బీపీ పడితే రేటు సగం చేయండి. చిన్న సిర వద్దు, బయటికి కారితే చెయ్యి ఊదా రంగుకి తిరిగి వాచిపోతుంది.

పరీక్షకి ఇంకొకటి కలుపుకోండి: దీన్ని విరగ్గొట్టే లివర్ ఎంజైములు మామూలు డోసులోనే నిండిపోతాయి. అందుకే రోజుకి 300 నుంచి 400 చేస్తే రక్తంలో మూడో వంతు కాదు, కొందరిలో రెట్టింపు పెరుగుతుంది. డిశ్చార్జి అయిన వారానికి తూలుతూ, కళ్లు అటూఇటూ కొట్టుకుంటూ వచ్చిన పేషెంటుని చూసి మళ్లీ ఫిట్స్ అనుకోకండి, ముందు ఫెనిటాయిన్ లెవెల్ పంపండి. ఆల్బుమిన్ తక్కువ ఉన్న మనిషిలో ఆ లెవెల్ నార్మల్‌గా వచ్చినా నమ్మకూడదు. ప్రోటీన్‌కి అంటుకోని భాగమే పని చేసేది, అది అప్పుడు ఎక్కువగా ఉంటుంది.